బాలుని చేతి బండి - బీమా లెక్క

మన జిల్లాలనుండి అమెరికాకు పోయి స్థిరపడిన కుటుంబములు నేడు అనేకములు కలవు. వారు సెలవులలో స్వస్థలమునకు వచ్చినప్పుడు పిల్లల చదువులనుగూర్చియు ఇంటి అప్పులనుగూర్చియు చెప్పుకొను మాటలలో మరియొక సంగతి తరుచుగ వినవచ్చుచుండును. మావానికి పదునారేండ్లు నిండినవి, కారు బీమా మోయలేకున్నాము అని వారందురు. వినువారు దీనిని కలవారి కష్టముగ నెంచి నవ్వి యూరకుందురు. మాకు మాత్రము ఈ మాటయందు మన తలిదండ్రులు తీరికగ ఆలోచింపదగిన విషయమొకటి కలదని తోచుచున్నది. ఏలయన, ఆ దేశమున బాలుడు బండి నడుపుటకు ఎంత వెల యగునో ముందుగనే లెక్కగట్టి, నెలనెల తండ్రియొద్ద వసూలు చేయుచున్నారు. మన దేశమున ఆ వెలను ముందుగ నెవ్వరును అడుగరు. అడుగకున్నంతమాత్రమున అది లేకపోలేదు.

అచ్చటి పద్ధతి యిట్టిది. అమెరికాలో బీమాచట్టములు ఏ రాష్ట్రమునకు ఆ రాష్ట్రమే చేసికొనును. మొట్టమొదట 1927లో మసాచుసెట్సు రాష్ట్రము కారుగలవారందరు బీమా చేయితీరవలెనని శాసించెను. ఇప్పుడు ఇంచుమించు అన్ని రాష్ట్రములలోను అట్టి నిర్బంధము కలదు. పెక్కు రాష్ట్రములలో పదునారేండ్ల బాలునకు కొన్ని షరతులతో లైసెన్సు దొరకును. ఇంటిలో అట్టి బాలుడున్నచో వాని పేరు తలిదండ్రుల పాలసీలో చేర్పవలయును. చేర్చిన క్షణమున ప్రీమియము పెరుగును. కొన్ని యిండ్లలో మునుపటి మొత్తమునకు ఇంచుమించు రెట్టింపగుటయు అరుదు కాదు.

ఇది కంపెనీవారి దురాశ యని కొందరనుకొందురు. దురాశ కొంత యుండిన నుండవచ్చును, వ్యాపారులు కదా! అయినను దీనికి ఆధారమైన లెక్క అబద్ధము కాదు. నడిపిన ప్రతి మైలుకు ఎన్ని ప్రాణములు పోయినవని చూచినచో, 16 మొదలు 19 ఏండ్ల వయస్సుగలవారు నడుపు బండ్లు ప్రాణాపాయకరమైన ప్రమాదములలో చిక్కుకొనుట, 20 ఏండ్లు దాటినవారితో పోల్చగా, దాదాపు మూడు రెట్లు హెచ్చుగ నున్నదని ఆ దేశపు ప్రభుత్వారోగ్య శాఖవారే ప్రకటించుచున్నారు. బాలురు దుర్మార్గులని దీని యర్థము కాదు. వారి కన్ను చురుకైనది, చేయి వేగమైనది. కాని యెదుటి లారీ యొక క్షణములో ఏమి చేయబోవునో, తడిసిన రోడ్డుమీద బ్రేకు ఎంత దూరమున పట్టునో, ఈ యెరుక కంటివలన గాక అనుభవమువలన కలుగవలసినది. దానికితోడు స్నేహితుడొకడు వెనుక కూర్చున్నచో బాలుని ధైర్యము రెట్టింపై వివేకము సగమగును. తోడి బాలురు బండిలో నెక్కినకొలది ప్రమాదభయము హెచ్చుచున్నదని పరిశోధకులు తేల్చియున్నారు. తరగతి గదిలో ముప్పది సంవత్సరములుగ బాలురను చూచుచున్న ఏ యుపాధ్యాయుని యడిగినను ఈ మాట పరిశోధన లేకయే చెప్పియుండును.

ఈ కారణముచేతనే న్యూజీలాండు దేశము 1987లో, అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రము 1996లో, లైసెన్సును మెట్లుమెట్లుగ నిచ్చు పద్ధతిని ప్రారంభించినవి. మొదట పెద్దవారు ప్రక్కన కూర్చుండగా నడుపవలెను. పిమ్మట ఒంటరిగ నడుపవచ్చును గాని రాత్రివేళ కూడదు, తోటివారి నెక్కించుకొనుటకు హద్దు కలదు. అటుపిమ్మటనే పూర్తి స్వాతంత్ర్యము. కాలిఫోర్నియాలో 18 ఏండ్లలోపువాడు పరీక్షకు వచ్చుటకు ముందు పెద్దల పర్యవేక్షణలో 50 గంటలు, అందు 10 గంటలు రాత్రివేళ, నడిపియుండవలెను. అచ్చటి బీమా కంపెనీలు బడిలో మంచి మార్కులు తెచ్చుకొను విద్యార్థికి ప్రీమియములో కొంత తగ్గించు ఆచారము కూడ నున్నది. ఉపాధ్యాయులమగుటచే ఈ నియమము మాకు ముచ్చట గొల్పినదని దాచనేల? అయినను, గణితమున నూటికి తొంబది తెచ్చుకొన్నవాడు మలుపులో బ్రేకు వేయునని మేము పూచీపడజాలము. కంపెనీవారు మాత్రము తమ పద్దుపుస్తకములలో అట్టివారివలన నష్టము తక్కువగ కనుపించుటచేతనే తగ్గించుచున్నారట.

ఇందు న్యాయాన్యాయముల చర్చ లేకపోలేదు. పదిమంది బాలురు చేసిన తప్పులకు పదునొకండవవాడు, జాగరూకుడైనవాడు, ఏల చెల్లింపవలెను? ఈ ప్రశ్న మంచిది. ఆడపిల్లలకంటె మగపిల్లలకు ప్రీమియము హెచ్చుగ వేయు నాచారము యూరపు సమాఖ్య దేశములలో 2012 డిసెంబరు 21వ తేది మొదలు, అక్కడి ఉన్నత న్యాయస్థానపు తీర్పు ననుసరించి, నిషేధింపబడినది. హవాయి రాష్ట్రమున వయస్సునుబట్టి కారు బీమా వెల నిర్ణయించుటయే కూడదు. ఇంగ్లండులో కొందరు కంపెనీవారు బాలుని బండిలో చిన్నపెట్టె యొకటి అమర్చి, వాడు ఎంత వేగముతో పోయెను, ఏ వేళ పోయెను, బ్రేకు ఎట్లు వేసెను అని చూచి, వాని నడవడినిబట్టియే వెల కట్టుచున్నారు. మా యభిప్రాయమున ఈ మూడింటిలో ఈ కడపటిదే మేలు. వయస్సు బాలుడు చేసికొన్నది కాదు, నడవడి వాడు చేసికొన్నదే.

ఇక మన దేశపు సంగతి. 1939లో చేసిన మోటారు బండ్ల చట్టములోని బీమా అధ్యాయము 1946 జూలై 1వ తేదిని అమలులోనికి వచ్చెను. నేడు అమలులోనున్నది 1988 సంవత్సరపు చట్టము. దాని 146వ సెక్షను ననుసరించి బీమా లేని బండి రోడ్డుమీదికి రాగూడదు. ఈ నిర్బంధ బీమాకు మూడవ పక్షపు బీమా యని పేరు. పాలసీ పుచ్చుకొన్నవాడు ఒక పక్షము, కంపెనీ మరియొక పక్షము, రోడ్డుమీద నడచుచు మన బండిక్రింద పడిన నిరపరాధి మూడవ పక్షము. ఆ నిరపరాధి కొరకే ఈ బీమా. ఇది మనకొరకు చేసికొనునది కాదు, పొరుగువానికొరకు చేయునది. ఈ సంగతి తెలిసినవారు మన పట్టణమున నూటికి పదిమందియైన నుందురా యని మాకు సందేహము. పెక్కుమంది దీనిని పోలీసువారికి చూపు కాగితమని తలంచుచున్నారు.

దీని వెలను ప్రభుత్వమువారు నిర్ణయింతురు. 2022 జూన్ 1వ తేది మొదలు అమలునకు వచ్చిన పట్టిక ప్రకారము, పన్నులు గాక, సంవత్సరమునకు 75 సి.సి. మించి 150 సి.సి. వరకు గల ద్విచక్రవాహనమునకు 714 రూపాయలు, 350 సి.సి. వరకు 1,366 రూపాయలు. సొంత కారైనచో 1,000 సి.సి. వరకు 2,094 రూపాయలు, 1,500 సి.సి. వరకు 3,416 రూపాయలు, అంతకు మించినదైన 7,897 రూపాయలు. ఈ పట్టికలో ఇంజను పరిమాణమునకు గడి కలదు గాని, నడుపువాని వయస్సునకు గడి లేదు. పింఛనుదారుడైన పెద్దమనిషి ఆదివారము గుడికి నెమ్మదిగ పోవు స్కూటరునకును, ఇరువది యేండ్ల పడుచువాడు బైపాసు రోడ్డుమీద పరుగెత్తించు బండికిని, ఇంజనులు సమానమైనచో వెల సమానమే. మన బండికి కలుగు నష్టమునకై యిష్టపడి చేసికొను బీమా విషయమున 2007 నుండి కంపెనీలకు వెల నిర్ణయించుకొను స్వాతంత్ర్యము కలదు. 2022 జూలైలో బీమా నియంత్రణ సంస్థవారు నడపు తీరునుబట్టి ప్రీమియము కట్టించుకొను పద్ధతికి కూడ అనుమతి నిచ్చిరి. అది యింకను మన వీధులలో మాటగ వినబడుటలేదు.

కాబట్టి మన తండ్రికి, కుమారుడు తాళపుచెవి యడిగినప్పుడు, అమెరికాలోని తండ్రికి వచ్చినట్లు చీటీ యేదియు రాదు. బాలుడు నడిపినను 714 రూపాయలే, తాను నడిపినను 714 రూపాయలే. ఇంత చవుకగ నున్నదేమి యని సంతోషించుట సహజము. కాని ఆ పాలసీ కాగితములోనే, సన్నని యింగ్లీషు అక్షరములలో, ఒక వాక్యము కలదు. బండి నడుపువాడు అప్పటికి చెల్లుబాటులోనున్న లైసెన్సు గలవాడై యుండవలెననునదియే ఆ వాక్యము. పట్టికలో కనబడని వయస్సు గడి ఇచ్చట దాగియున్నది.

లైసెన్సునకు వయస్సు 18 ఏండ్లు. పదునారేండ్లవానికి కూడ ఈయవచ్చునని కొందరు వాదింతురు. నిజమే, కాని అది 50 సి.సి. మించని బండికి మాత్రమే. మన వీధులలో తిరుగు స్కూటర్లు సామాన్యముగ 100 సి.సి. మొదలు 125 సి.సి. వరకు గలవి. మన యున్నత పాఠశాలలో ఆరవ తరగతి మొదలు పదవ తరగతి వరకే కలదు. పదవ తరగతి ముగించువాని వయస్సు పదునైదో పదునారో. అనగా, ఈ పాఠశాల హాజరుపట్టికలలో పేరుగల ఏ బాలుడుగాని బాలికగాని యింటనున్న స్కూటరును చట్టప్రకారము రోడ్డుమీద నడుపజాలరు. ఈ వాక్యమును తలిదండ్రులు రెండుమారులు చదువవలెనని మా మనవి.

లైసెన్సు లేని బాలుడు ఒకనిని గుద్దెననుకొందము. పోయినవాడు 35 ఏండ్ల తాపీపనివాడు, నెలకు 15,000 రూపాయలు సంపాదించువాడు, భార్యయు ఇద్దరు పిల్లలును ముదుసలి తల్లియు వానిపై నాధారపడినవారు. మోటారు ప్రమాదముల ట్రిబ్యునలు నష్టపరిహారమును ఊహించి వ్రాయదు. సుప్రీంకోర్టు 2009లోను 2017లోను చెప్పిన తీర్పులలో దానికొక గణితము నేర్పరచియున్నది. పదవ తరగతి బాలురు కాగితము తీసికొని చేయదగిన లెక్క యది. నెలకు 15,000 చొప్పున సంవత్సరమునకు 1,80,000 రూపాయలు. వాడు బ్రతికియున్నచో ఆదాయము పెరిగియుండునుగనుక, స్వంతముగ పనిచేసికొను 40 ఏండ్లలోపువానికి నూటికి 40 వంతున 72,000 కలుపగా 2,52,000. వాడు తనకొరకు వ్యయపరచుకొను భాగము, ఆధారపడినవారు నలుగురు గనుక, నాలుగవ వంతు తీసివేయగా 1,89,000. ముప్పదియైదేండ్లవానికి గుణకము 16. గుణింపగా 30,24,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు మున్నగు చిన్న మొత్తములును, వడ్డీయు దీనిలో చేర్పలేదు.

సక్రమమైన లైసెన్సు గలవాడు ఈ ప్రమాదము చేసినచో ఈ మొత్తమంతయు కంపెనీయే యిచ్చుకొనును. మూడవ పక్షమువాని ప్రాణమునకు ఈ బీమాలో హద్దు లేదు. 714 రూపాయలకు ఇంతటి రక్షణ దొరకుట నిజముగ ఆశ్చర్యమే. లైసెన్సు లేని బాలుడైనచో ఏమగును? పోయినవాని కుటుంబము వీధిపాలు కాగూడదని న్యాయస్థానములు తలంచి, కంపెనీవారిని ముందుగ చెల్లింపుడనియు, చెల్లించిన మొత్తమును బండి యజమానియొద్ద రాబట్టుకొనుడనియు 2004 నుండి అనేక వ్యాజ్యములలో చెప్పుచు వచ్చినవి. కొన్ని వ్యాజ్యములలో కంపెనీకి బాధ్యతయే లేదని, భారమంతయు మొదటినుండియు యజమానిదేనని తీర్పు కలదు. ఏ దారిని పోయినను ఆ 30,24,000 రూపాయలు చేరునది యజమాని గుమ్మమునకే. ఏటేట 714 చొప్పున కట్టినచో ఆ మొత్తమగుటకు 4,235 సంవత్సరములు పట్టును. మన తండ్రికి చీటీ రాదంటిమి. వచ్చును, కాని యిట్లు వచ్చును.

నాకు తెలియకుండ పిల్లవాడు తాళపుచెవి తీసికొనిపోయెను అని చెప్పి తప్పించుకొనవచ్చునా? 2011లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన యొక వ్యాజ్యమున యజమాని సరిగ నిట్లే వాదించెను. బాలుడు తమ యింటికి వచ్చి, తనతో చెప్పకయే తాళపుచెవి తీసికొనిపోయెననెను. బండి దుర్వినియోగము కాకుండ చూచుకొనుట యజమాని విధియని చెప్పి న్యాయస్థానము ఆ వాదమును త్రోసివేసినది.

మన సంఘస్థులకు ఈ ధర్మము క్రొత్తది కాదు. నిర్గమకాండము ఇరువదియొకటవ అధ్యాయమున పొడుచు నెద్దునుగూర్చిన విధి కలదు. మునుపెన్నడును పొడువని యెద్దు ఒకనిని పొడిచి చంపినచో యజమాని నిర్దోషి. అది పొడుచునదని వానికి తెలుపబడినను వాడు దానిని కట్టివేయక విడిచినచో, అప్పుడు దోషము యజమానిమీదను పడును. తెలిసియు కట్టకుండుటయే యచ్చట నేరము. మోషే కాలమున ఎద్దునకు వర్తించినది మన కాలమున స్కూటరునకు వర్తింపదనుటకు మాకు కారణమేదియు కానరాదు. ఎద్దునకైన తనంతట తాను కొట్టము వెడలు కాళ్లుండును. స్కూటరు తాళపుచెవి యెవరో ఒకరు అందుబాటులో నుంచనిదే కదలదు.

2019లో చట్టమును సవరించి 199ఎ అను క్రొత్త సెక్షనును చేర్చిరి. అది ఆ సంవత్సరము సెప్టెంబరు 1వ తేది మొదలు అమలులోనున్నది. దాని ప్రకారము బాలుడు బండి నడిపి నేరము చేసినచో సంరక్షకుడు గాని యజమాని గాని నేరస్థుడగును. మూడు సంవత్సరముల వరకు కారాగృహమును, 25,000 రూపాయల జుల్మానాయు విధింపవచ్చును. బండి రిజిస్ట్రేషను పండ్రెండు నెలలు రద్దగును. పెద్దల యనుమతితోనే నడిపెనని న్యాయస్థానము ముందుగ భావించును. కాదని నిరూపించుకొనుట పెద్దల పని. ఆ బాలునకు 25 ఏండ్లు నిండువరకు లైసెన్సు దొరకదు. తలిదండ్రులు ఈ కడపటి నియమమును చిన్నదిగ చూచెదరేమో! మన పాఠశాలనుండి వెడలు బాలురలో అందరును ఇంజనీర్లు కారు. డ్రైవరు పనిమీదను, వీధివీధి తిరిగి సరకులిచ్చు పనిమీదను, మందుల కంపెనీ ప్రతినిధి పనిమీదను బ్రతుకు తెరువు వెదకుకొనువారు పలువురు. పదునైదేండ్లనాటి యొక సాయంకాలపు విహారమునకై పద్దెనిమిది మొదలు ఇరువదియైదు వరకు గల జీవనోపాధి మూతపడుట చిన్న శిక్షయా?

2024 మే 19వ తేది తెల్లవారకముందు పూనా నగరమున ఖరీదైన కారొకటి మోటారు సైకిలును గుద్దగా 24 ఏండ్ల యువతీయువకు లిద్దరు మరణించిరి. కారు నడుపుచుండినవాడు 17 ఏండ్ల బాలుడని పోలీసువారు చెప్పిరి. ఆ దినముననే వానికి జామీను ఇచ్చుచు పెట్టిన షరతులలో ప్రమాదములనుగూర్చి 300 మాటల వ్యాసము వ్రాయవలెననునది యొకటి. దేశమంతయు ఆగ్రహించినది, పిమ్మట ఆ యుత్తరువు మార్పబడినది, తండ్రి నిర్బంధింపబడెను. మేము వ్యాసములు దిద్దువారము. వ్యాసమును శిక్షగ వేయుటవలన వ్యాసమునకును మేలు లేదు, శిక్షకును మేలు లేదు అని మాత్రము ఇచ్చట వ్రాసి యూరకుందుము.

ఇన్ని చెప్పి తలిదండ్రులనే నిందించి విడుచుట ధర్మము కాదు. తండ్రి బాలునకు స్కూటరు ఇచ్చుట ఎల్లప్పుడును గారాబమువలననే కాదు. తెల్లవారుజామున అయిదు గంటలకు ట్యూషను పెట్టువారున్నారు. ఆ వేళ ఏ బస్సును రాదు. రాత్రి తొమ్మిది గంటలకు విడిచిపెట్టువారున్నారు. ఆ వేళకు కడపటి బస్సు పోయియుండును. తండ్రి రాత్రి కాపలా పనిలోనో, పొలము నీరు మళ్లించుచునో యుండును. తల్లికి బండి రాదు. ఆడపిల్లను చీకటిలో నడిపించుటకంటె అన్నచేతికి స్కూటరు తాళపుచెవి యిచ్చుటయే క్షేమమని ఆ యిల్లు తీర్మానించుకొనును. తెలంగాణమున 2023 డిసెంబరు మొదలు, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు మొదలు స్త్రీలకు ప్రభుత్వపు బస్సులలో ఉచిత ప్రయాణమునకు ఏర్పాటు జరిగినది. మంచిదే. కాని బస్సే రాని గ్రామమునకు ఉచితమువలన ఫలమేమి? బాలుడు స్కూటరెక్కిన ప్రతి యింటి వెనుక, నడువవలసియుండి నడువని బస్సొకటి తరుచుగ నుండును. కావున వేళగాని వేళల ట్యూషనులు పెట్టువారు ఆ వేళలను మార్చుకొనవలెను. గ్రామ పెద్దలును తలిదండ్రుల సంఘమును కలిసి డిపోవారికి అర్జీలు పెట్టవలెను. పాఠశాలలుకూడ, గేటులోపల బండ్లు నిలుపరాదని బోర్డు కట్టినంతనే తమ పని ముగిసెననుకొనరాదు. గేటునకు ఎదురుగనున్న టీ కొట్టు ప్రక్క నిలిచియుండు బండ్లు ఎవరివో అందరికిని తెలియును.

అమెరికావలె మన దేశమునను బాలుర వయస్సునుబట్టి ప్రీమియము పెంచవలెనా యని కొంద రడుగుదురు. పద్దెనిమిది దాటి లైసెన్సు పొందిన క్రొత్తవారి విషయమున, నడవడినిబట్టి హెచ్చుతగ్గులు చేయుట మాకు సమ్మతమే. పద్దెనిమిదిలోపువారి విషయమున మాత్రము కూడదు. వెల నిర్ణయించుట యనగా అనుమతించుటయే. ఇంత ధనము కట్టితిమి గనుక మా పిల్లవాడు నడుపును అను మాట కలవారి నోట వెంటనే వచ్చును. కలవాని బిడ్డకు రోడ్డు, లేనివాని బిడ్డకు జుల్మానా యగును. అమెరికావారినుండి మనము తెచ్చుకొనవలసినది ఆ చీటీ కాదు, ఆ 50 గంటలు. మన దేశమున క్రొత్తవాడు మైదానమున ఎనిమిది అంకె వ్రాసినట్లు బండి త్రిప్పి, కాలు నేల మోపకున్నచో చాలు, లైసెన్సు చేతికి వచ్చును. వాన కురియుచుండగా, ఎదురుగ లారీ దీపములు కన్నులలో పడుచుండగా, ప్రక్కన పెద్దవారు కూర్చుండి నేర్పిన గంట యొక్కటియైన వానికి ఉండదు. పద్దెనిమిది నిండిన మరునాడు వాడు పదునేడేండ్లవానికంటె ఒక్కదినము మాత్రమే పెద్ద.

కంపెనీవారినిగూర్చి కూడ ఒకమాట. పాలసీని తెలుగులో ఇచ్చుట వారికి భారమైనచో, లైసెన్సు లేనివాడు నడిపినయెడల యజమానియే చెల్లింపవలెనను ఒక్క వాక్యమునైనను మొదటి పుటమీద పెద్ద తెలుగు అక్షరములలో అచ్చువేయవచ్చును. బండి అమ్ముచోట కట్టించుకొను యజమాని ప్రమాద బీమా విషయమునను ఇట్లే. పదునైదు లక్షల రూపాయలు వచ్చునని చెప్పుదురే కాని, అది లైసెన్సు గల యజమానికేనని చెప్పరు. బాలుడే మరణించినచో ఆ యింటికి దానినుండి పైసయైన రాదు.

వచ్చు విద్యాసంవత్సరమున పైతరగతుల బాలబాలికలు తమ యింటనున్న బండి పాలసీని ఒకమారు గణితపు పీరియడునకు తెచ్చిన బాగుండునని మేము కోరుచున్నాము. మూడు సంగతులు చూచిన చాలును. గడువు ఏ తేదితో ముగియుచున్నది, నడుపువాని లైసెన్సునుగూర్చిన వాక్యము ఏ పుటలో నున్నది, యజమానిగ ఎవరి పేరున్నది. మూడవదియే అందరును మరచునది. బండి అమ్మివేసియు పేరు మార్పించనివాడు ఇంకను యజమానియేయని, ప్రమాదమునకు బాధ్యుడేయని 2018లో సుప్రీంకోర్టు చెప్పినది. ఇక మన యిండ్లలో పెక్కు స్కూటర్లు తల్లి పేరిట నున్నవి. పొదుపు సంఘమున అప్పు తెచ్చి కొన్నందున కొందరు, ముచ్చటకొలది కొందరు అట్లు వ్రాయించిరి. ఆమె దానిపై వెనుక కూర్చున్నదే కాని యెన్నడును నడిపియుండదు. ట్రిబ్యునలు నోటీసు ఆమె పేరున వచ్చును.